చదువు దండగ అంటున్న ఆ మెసేజ్‌కి నా జవాబు

ఫోన్లలో చక్కర్లు కొడుతున్న ఆ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. మాటలు అటూ ఇటూ మారుతున్నా సారం మాత్రం ఇదే: గేట్స్, జుకర్‌బర్గ్ చదువు మానేసే కుబేరులయ్యారు. ఎలాగూ ఇప్పుడు అన్నీ ఫోన్లోనే నేర్చుకోవచ్చు. డిగ్రీ ఒట్టి కాగితం. చదువు పెంచినంత మాత్రాన దేశాలు బాగుపడలేదని ఆర్థికవేత్తలే తేల్చారు. జర్మనీలో పధ్నాలుగేళ్ళకే పనిలో పెడతారు కాబట్టే పరిశ్రమల్లో అంత ఎదిగింది. కనక ఎనిమిదో తరగతి కాగానే పిల్లల్ని పనిలో పెట్టండి, దేశం దానంతటదే ఎదుగుతుంది.

ఇందులో ఒక్క వాదనకు మాత్రం నిజంగా బరువుంది. దాని దగ్గర కాస్త ఆగాలి. ముందు తేలికవాటి సంగతి చూద్దాం.

గేట్స్ మానేసింది హార్వర్డ్. 1973లో అక్కడ చేరి 1975లో బయటికొచ్చాడు. అంతకుముందు ఆయన చదివిన స్కూల్లో 1968లోనే పిల్లల చేతికి కంప్యూటర్ టెర్మినల్ అందింది. అప్పట్లో చాలా కాలేజీలకే ఆ భాగ్యం లేదు. జుకర్‌బర్గ్ 2004లో వదిలేసిందీ హార్వర్డే. గట్టి బళ్ళలో చదువంతా పూర్తిచేసి, అంత కష్టమైన ప్రవేశం దాటినవాళ్ళ కథ ఎనిమిదితో ఆపేయమనడానికి సాక్ష్యం ఎలా అవుతుందో నాకు అంతుపట్టదు. మధ్యలో చదువాపేసి ఎక్కడా తేలనివాళ్ళ ఫొటోలు మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

ఫోన్ సంగతి ఇంకా చిన్నది. పెద్ద యూనివర్సిటీలు ఉచితంగా పెట్టిన ఆన్‌లైన్ కోర్సుల్లో చేరినవాళ్ళలో చివరిదాకా నిలిచినవాళ్ళు పదోవంతు కూడా ఉండరు. చేరినవాళ్ళలోనూ ఎక్కువమంది అప్పటికే డిగ్రీలున్నవాళ్ళు. సొంతంగా నేర్చుకోవాలంటే చదివింది అర్థం చేసుకునే శక్తి ముందే ఉండాలి కదా. ఆ శక్తి ఎక్కడ అబ్బుతుందో మెసేజ్ చెప్పదు.

'డిగ్రీ ఒట్టి కాగితం' అన్న మాట వెనక మాత్రం ఒక పేరున్న సిద్ధాంతమే ఉంది. 1973లో మైకేల్ స్పెన్స్ అనే ఆర్థికవేత్త దాన్ని వివరించాడు. 2001లో ఆర్థికశాస్త్ర నోబెల్ పంచుకున్నవాళ్ళలో ఆయనొకడు. ఉద్యోగమిచ్చేవాడికి మనిషి సమర్థత పైకి కనపడదు, డిగ్రీ దానికి ఆనవాలుగా పనికొస్తుంది, అందుకే జీతం పెరుగుతుంది అన్నది ఆ ఆలోచన. ఇందులో నిజం లేకపోలేదు. చదువులో మధ్య ఏళ్ళకంటే పట్టా చేతికొచ్చే ఆఖరి ఏడాదికి జీతం ఎక్కువ పెరగడం చాలా లెక్కల్లో కనిపించింది.

కానీ చదువంటే ఆ కాగితమే అయితే, కాగితం అడిగే నాథుడు లేని చోట చదువు వల్ల పైసా లాభం ఉండకూడదు. రైతును సర్టిఫికెట్ చూపించమని పొలం అడగదు. హరిత విప్లవం మొదలైన రోజుల నాటి భారత గ్రామాల వివరాల మీద ఆండ్రూ ఫాస్టర్, మార్క్ రోజెన్‌జ్వైగ్ అనే ఆర్థికవేత్తలు చేసిన పరిశోధన 1996లో అచ్చయింది. కొత్త వంగడాలు వచ్చిన ప్రాంతాల్లో ప్రాథమిక చదువున్న రైతు కుటుంబాలు వాటినుంచి ఎక్కువ లాభం పొందాయని అందులో తేలింది. కొత్త విత్తనానికి నీరెంత, ఎరువెంత, ఎప్పుడెప్పుడు అన్నది తాతల అనుభవంలో దొరకదు. అక్కడ చదువు అక్కరకొచ్చింది.

'తెలివైనవాళ్ళే ఎక్కువ చదువుతారు, వాళ్ళు చదవకపోయినా సంపాదించేవాళ్ళే' అని ఇంకో అనుమానం. న్యాయమైన అనుమానమే. దీనికి ఇండోనేషియా మంచి పరీక్ష పెట్టింది. చమురు డబ్బుతో 1973 నుంచి 1978 దాకా ఆ ప్రభుత్వం 61,000కు పైగా ప్రాథమిక పాఠశాలలు కట్టింది. 1974 నాటికి రెండు నుంచి ఆరేళ్ళున్న పిల్లలకు ఆ బళ్ళు అందాయి. పన్నెండు దాటినవాళ్ళకు అప్పటికే ప్రాథమిక బడి వయసు పోయింది. బళ్ళు ఎక్కువ కట్టిన చోట ఈ రెండు తరాల మధ్య చదువులో, జీతాల్లో తేడాని, తక్కువ కట్టిన చోట తేడాతో పోల్చింది ఆర్థికవేత్త ఎస్తేర్ డఫ్లో. బడి ఎక్కడ కట్టాలో పిల్లల తెలివి చూసి నిర్ణయించలేదు గనక ఈ పోలికకు విలువ వచ్చింది. అదనంగా చదివిన ఒక్కో ఏడాదికి జీతం సుమారు 7 నుంచి 10 శాతం పెరిగిందని 2001లో ఆమె లెక్క తేల్చింది.

ఇక బరువైన వాదన. ఆర్థికవేత్తలే తేల్చారని మెసేజ్ అనేది బహుశా లాంట్ ప్రిచెట్ అనే ఆర్థికవేత్త గురించి. 'ఇంత చదువూ ఎటుపోయింది?' అన్న అర్థం వచ్చే శీర్షికతో 2001లో ఆయన వ్యాసం వచ్చింది. చదివిన ఏళ్ళు బాగా పెరిగిన దేశాల్లో ఒక్కో కార్మికుడి ఉత్పత్తి అదే తీరున పెరిగిన జాడ లేదన్నాడు. నిజంగానే అన్నాడు. మెసేజ్ రాసినవాళ్ళు అక్కడిదాకా చదివి పుస్తకం మూసేశారు. ప్రిచెట్ ఆ తర్వాత ఎందుకిలా జరిగి ఉండొచ్చో మూడు కారణాలు చెప్పాడు.

మొదటిది, కొన్ని దేశాల్లో చదువుకున్నవాడికి ఎక్కువ రాబడి ఉన్నది సంపద సృష్టించే పనిలో కాదు, ఇతరుల సంపదలో వాటా గుంజుకునే కుర్చీల్లో. అలాంటి చోట అతని ఆదాయం పెరుగుతుంది, దేశానిది పెరగదు. రెండోది, చదువుకున్నవాళ్ళు పెరిగినంతగా వాళ్ళు చేయదగ్గ పనులు పెరగలేదు. మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది: పిల్లలు బల్లమీద ఏళ్ళకేళ్ళు కూర్చున్నారు గానీ ఏమీ నేర్చుకోలేదు.

ఈ మూడోదాన్నే ఎరిక్ హనుషెక్, లుడ్గర్ వోస్మన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పట్టుకున్నారు. ఎన్నేళ్ళు చదివారన్నది పక్కన పెట్టి, అంతర్జాతీయ పరీక్షల్లో లెక్కలూ సైన్సూ ఎంత వచ్చాయో చూశారు. 1960 నుంచి 2000 దాకా దేశాల ఎదుగుదలకు ఆ మార్కులతో గట్టి సంబంధం కనిపించింది. మార్కులు లెక్కలోకి తెచ్చాక చదివిన ఏళ్ళకు విడిగా మిగిలిన ప్రభావం దాదాపు లేదు. 1960లో లాటిన్ అమెరికా ఆదాయంలోనూ, సగటు చదువులోనూ తూర్పు ఆసియా కంటే ముందుంది. తర్వాతి నలభై ఏళ్ళలో తూర్పు ఆసియా దాటిపోయింది. పరీక్షల్లో లాటిన్ అమెరికా పిల్లలు బాగా వెనకబడి ఉన్నారు. ఇలాంటి దేశాల పోలిక ఒక్కదానితోనే కారణం రుజువు కాదని నేనూ ఒప్పుకుంటాను. కానీ చదువు పనికిరాదనడానికి ఇదే ఆధారాన్ని చూపిస్తే మాత్రం నవ్వొస్తుంది.

పేద, మధ్య ఆదాయ దేశాల్లో పదేళ్ళ పిల్లల్లో 53 శాతం మంది చిన్న కథ కూడా చదివి అర్థం చేసుకోలేరని 2019లో ప్రపంచ బ్యాంకు అంచనా వేసింది. మెసేజ్ రాసినవాళ్ళ కోపం దీనిమీద అయితే నేనూ వాళ్ళతో గొంతు కలుపుతాను. కానీ ఇంట్లో ఎలుకలున్నాయని ఇంటికే నిప్పు పెట్టమంటే ఎలా? తరగతి ఏదన్నది చూడకుండా, ఎవరికి ఎంతవరకు వచ్చో దాన్నిబట్టి జట్లుగా కూర్చోబెట్టి చదవడం, లెక్కలు మళ్ళీ నేర్పే పద్ధతి ఉంది. ఆర్థికవేత్త అభిజిత్ బెనర్జీ, ఇందాక చెప్పిన డఫ్లో బృందాలు దాన్ని ప్రయోగం చేసి చూశాయి, ఫలితం వచ్చింది. పెద్ద ఖర్చు కూడా కాదు.

చివరగా జర్మనీ. ఈ పేరు వినగానే అందరూ తలూపేస్తారు, అసలు అక్కడ ఏం జరుగుతుందో అడగరు. చాలా రాష్ట్రాల్లో తొమ్మిదేళ్ళు, కొన్నిట్లో పదేళ్ళు పూర్తికాలపు బడి తప్పనిసరి. ఆ తర్వాతే అప్రెంటిస్‌షిప్, అంటే పని చేస్తూ వృత్తి నేర్చుకోవడం. అందులోనూ వారానికి మూడు నాలుగు రోజులు కంపెనీలో, ఒకటి రెండు రోజులు వృత్తి పాఠశాలలో. అక్కడ పనికి సంబంధించిన పాఠాలతో పాటు భాష, సామాజిక పాఠాలు కూడా ఉంటాయి. శిక్షణ రెండు నుంచి మూడున్నరేళ్ళు సాగుతుంది. గుర్తింపున్న వృత్తులు 300కు పైనే. దేనికి ఏం నేర్పాలి, పరీక్ష ఎలా పెట్టాలి అన్నది 1969లో మొదట వచ్చి, తర్వాత మార్పులు పొందిన చట్టం కింద నడుస్తుంది. కొత్తగా చేరేవాళ్ళ సగటు వయసు ఇప్పుడు దాదాపు 20 ఏళ్ళు. అంటే మెసేజ్‌లోని పధ్నాలుగేళ్ళ కుర్రాడు అక్కడ ఇంకా బడిలోనే ఉన్నాడు.

అంత పకడ్బందీగా నడిచే పద్ధతికీ ఒక బలహీనత ఉంది. హనుషెక్, వోస్మన్, మరో ఇద్దరు కలిసి 11 దేశాల కార్మికుల వివరాలు చూసి 2017లో ఒక పరిశోధన ప్రచురించారు. వృత్తి విద్య చదివినవాళ్ళకు మొదట్లో ఉద్యోగం తొందరగా దొరుకుతుంది. వయసు పెరిగేకొద్దీ సాధారణ చదువు చదివినవాళ్ళు వాళ్ళను దాటిపోతారు. పనిముట్లు, పద్ధతులు మారినప్పుడు కొత్తది పట్టుకోవడం సాధారణ చదువు చదివినవాళ్ళకు తేలికవడం వల్ల కావచ్చని ఆ పరిశోధకుల వివరణ. ఈ తేడా ఎక్కువగా కనిపించింది అప్రెంటిస్‌షిప్ బలంగా ఉన్న జర్మనీ, డెన్మార్క్, స్విట్జర్లాండ్‌లలోనే.

పధ్నాలుగేళ్ళకు పనిలో చేరినవాడు అరవై దాకా పనిచేస్తే 46 ఏళ్ళు. మెసేజ్ చూపించింది అందులో మొదటి నాలుగైదేళ్ళ లెక్క మాత్రమే.