బయటి విచారణాధికారి ఖర్చెక్కువా? ఏ లెక్కన?

"లాయర్ల మీద ఫిర్యాదులకి బయటి నుంచి విచారణాధికారులను పెడితే ఆ ఖర్చెవరు భరిస్తారండీ?" బెజవాడ కోర్టుల దగ్గర ఎవరిని కదిపినా ఇదే మాట. అనేవాళ్లలో నా స్నేహితులూ ఉన్నారు, మంచి ప్లీడర్లే. కానీ ఆడిట్ పనిలో జుట్టు నెరిసినవాణ్ణి, ఒక్కటి అడగాలి. దేంతో పోలిస్తే ఎక్కువ?

1961 నాటి అడ్వకేట్స్ చట్టం ప్రకారం ఫిర్యాదు లాయర్ల మీద అజమాయిషీ చేసే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి వెళ్తుంది. పస ఉందనుకుంటే ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ కమిటీకి పంపుతారు. ఇద్దరు కౌన్సిల్ సభ్యులు, ఒకరు కౌన్సిల్‌లో లేని ప్లీడరు. కౌన్సిల్ సభ్యులను ఎన్నుకునేదీ ప్లీడర్లే. రేపు ఓటడగాల్సిన వాళ్ల మీదే ఇవాళ తీర్పు చెప్పాలన్నమాట. సమన్లు పంపడానికీ, రికార్డులు తెప్పించడానికీ కమిటీకి సివిల్ కోర్టు అధికారాలున్నాయి. బ్యాంకుకెళ్లి కాగితాలు చూసొచ్చే మనిషి మాత్రం ఆ చట్టంలో ఎక్కడా లేడు. ఆ పని ఫిర్యాదు చేసినవాళ్ల నెత్తిన పడుతుంది.

గుంటూరులో మా పిన్ని విషయంలో జరిగిందదే. బాబాయి యాక్సిడెంట్‌లో పోయాడు. వచ్చిన పరిహారంలో కొంత ప్లీడరు దగ్గరే ఆగిపోయింది. కేసు నడిచేటప్పుడే ఖాళీ విత్‌డ్రాయల్ ఫారాల మీద సంతకాలు తీసుకున్నాడు. బ్యాంకులో అడిగితే "సంతకం మీదే కదమ్మా" అన్నారు. నిజమే, ముందువైపు సంతకం ఆవిడదే. స్లిప్పు వెనక సంతకం పెట్టి డబ్బు పట్టుకెళ్లింది ఎవరో చూస్తే సగం కేసు తేలిపోతుంది. ఆ వెనకవైపు తిప్పి చూపించమని గట్టిగా అడగడానికి మిషను కుట్టుకునే ఆడమనిషికి ఏం బలం ఉంటుంది? పాత జడ్జిగారొకరు విచారణాధికారిగా ఉత్తరం రాస్తే ఆ కాగితం బయటికి రాదా?

ఇక వాయిదాలు. అవతలాయన రాలేదనో, కమిటీలో ఒకరికి వేరే కోర్టులో కేసుందనో వాయిదా పడుతూనే ఉంటుంది. గుంటూరు నుంచి కౌన్సిల్ ఉన్న నేలపాడుకి బస్సు, ఆటో, జిరాక్సులు, పోయిన రోజు కూలి. ఇవన్నీ ఖర్చు కాదా? ఏ పుస్తకంలోనూ ఎక్కవు కాబట్టి పాత పద్ధతి చవకగా కనబడుతోంది, అంతే.

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేం కాదు. ఫిర్యాదు ఏడాదిలో తేలాలనీ, తేలకపోతే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి వెళ్లాలనీ చట్టంలో 36-బి సెక్షనే ఉంది. 2021 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ ఏడాది గడువును గట్టిగా గుర్తుచేసి, అనుభవమున్న అడ్వకేట్లనూ రిటైరైన న్యాయాధికారులనూ విచారణాధికారులుగా వాడుకోమని సూచించింది కూడా. కాలిఫోర్నియాలో టామ్ జిరార్డీ అనే పెద్ద లాయర్ మీద దశాబ్దాల్లో 205 ఫిర్యాదులొచ్చాయని అక్కడి లాయర్ల మీద అజమాయిషీ చేసే స్టేట్ బారే ఒప్పుకుంది. విమాన ప్రమాదంలో పోయినవాళ్ల కుటుంబాలకు రావాల్సిన డబ్బు కూడా తినేశాడాయన. లోపల ఏం జరిగిందో తేల్చడానికి చివరికి బయటి లా ఫర్మ్‌నే పెట్టుకోవాల్సి వచ్చింది.

అలాగని బయటివాళ్లను పెట్టేస్తే అంతా బాగైపోతుందని అనను. సిట్టింగుకి ఇంత అని ఫీజు పెడితే సిట్టింగులే పెరుగుతాయి. రిపోర్టుకి ఇంత అని ముందే ఖరారు చేయాలి, గడువు దాటితే కోత పడాలి. చిన్నాచితకా ఫిర్యాదులకు, ఓడిపోయిన కక్షతో పెట్టేవాటికి విచారణాధికారిని అసలు పంపకూడదు. క్లయింటు డబ్బు మాయమైనచోట, దొంగ సంతకాలున్నచోట పంపాలి.

డబ్బుల్లేవంటారా? నిజమే, 2024 జులైలో సుప్రీంకోర్టు, కొత్త లాయర్లు పేరు నమోదుకి కట్టే ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750 రూపాయలు దాటకూడదని చెప్పాక కౌన్సిళ్లకు ఇబ్బందే. అందుకే లెక్క కావాలి. 12వ సెక్షన్ ప్రకారం కౌన్సిల్ ఖాతాలకు ఏటా ఆడిట్ ఉంది. కానీ ఓచర్ సరిగ్గా ఉందో లేదో చూసే ఆడిట్ వేరు, ఆ రూపాయితో ఏం పని జరిగిందో చూసే ఆడిట్ వేరు. ఒక ఫిర్యాదు తేలడానికి కమిటీకి ఎంతవుతోంది, ఎన్ని వాయిదాలు పడుతున్నాయి, గడువు దాటి ఢిల్లీకి ఎన్ని పోతున్నాయి? ఈ మూడూ కౌన్సిల్ ఎన్నికల్లో ఓటడగడానికి వచ్చినవాళ్లను అడగండి ప్లీడరు మిత్రులారా. అంకెలు పెట్టి కమిటీయే చవకని చూపిస్తే, బయటివాళ్లు దండగని నేనే ఇక్కడ రాస్తాను.