మ్యాంటెల్ కొనేముందు పొయ్యి నోరు కొలవండి

అమెరికాలో మా కొలంబస్ తెలుగు వాట్సాప్ గ్రూపులో ఈ మధ్య వారానికి ఒకరైనా అడుగుతున్నారు: "ఫైర్‌ప్లేస్‌కి కొత్త మ్యాంటెల్ పెట్టించాలి, ఎక్కడ చవక?" (ఫైర్‌ప్లేస్ అంటే చలికి మంట వేసుకునే గోడ పొయ్యి. మ్యాంటెల్ అంటే దాని చుట్టూ బిగించే చెక్క చట్రం: పక్కల రెండు కాళ్లు, పైన ఒక పలక.) జవాబులు క్షణాల్లో వచ్చేస్తాయి. లింకులు, కూపన్లు, ఫలానా హ్యాండీమ్యాన్ నంబర్. "మీ ఓపెనింగ్ (మంట వేసే ఖాళీ) ఎంతండీ?" అని అడిగినవాళ్లను మాత్రం ఒక్కరిని కూడా చూడలేదు. చూస్తుంటే కోపమూ వస్తోంది, భయమూ వేస్తోంది. పోయిన చలికాలం మా ఇంట్లో జరిగింది పూర్తిగా చెప్తాను. కాస్త పెద్ద పోస్టే, కానీ ఈ దీపావళికి ఆర్డర్ పెట్టబోయేవాళ్లు చివరిదాకా చదవండి.

మాది 1987లో కట్టిన ఇల్లు. హాల్లో ఇటుకతో కట్టిన, నిజంగా కట్టెలు కాల్చే ఫైర్‌ప్లేస్ ఉంది. కొన్నప్పుడు దాని చుట్టూ చెక్క ఏమీ లేదు, ఉత్త ఎర్ర ఇటుక. పైన ఒక చెక్క అరుగులాంటిది ఉంటే వినాయకుడి బొమ్మ, తాతయ్య ఫొటో పెట్టుకోవచ్చని నాకు మొదటిరోజు నుంచీ ఆశ. టేపు తీసుకుని ఇటుక గోడ వెడల్పు కొలిచాను. 56 అంగుళాలు. ఆన్‌లైన్‌లో 56 అంగుళాల మ్యాంటెల్ అని కనబడింది, కొనేశాను.

ఆ మ్యాంటెల్‌కి రాసిన 56 దాని పలక పొడవు. మనకు కావాల్సింది లోపలి ఖాళీ వెడల్పు, లోపలి ఖాళీ ఎత్తు. ఆ రెండూ అమ్మకం పేజీలో చాలా కిందికి వెళ్తే చిన్న అక్షరాల్లో ఉన్నాయి: 40 వెడల్పు, 34 ఎత్తు. మా పొయ్యి నోరు 36 వెడల్పు, 29 ఎత్తు. (ఓపెనింగ్ అనడం కంటే పొయ్యి నోరు అంటేనే నాకు బాగా అర్థమవుతుంది. అమ్మమ్మ కట్టెలపొయ్యికి ఆ మాటే వాడేది.) అంటే రెండు పక్కలా చెక్క కాళ్లు నిప్పుకి రెండేసి అంగుళాల దూరంలో నిలబడ్డాయి. పైన అయిదు అంగుళాలు. బిగించడానికి వచ్చినాయన్ని "ఇంత దగ్గరగా ఉండొచ్చా?" అని మా ఆయన అడిగితే, "అందరిళ్లలో ఇలాగే ఉంటుంది, చూడ్డానికి బాగుంది కదా" అన్నాడు. మేమూ సరే అన్నాం.

జనవరిలో బాగా మంచు పడిన రోజు రెండు గంటలు మంట వేశాం. వార్నిష్ వాసన మొదలైంది. కొత్త చెక్క కదా అనుకున్నాం. నాలుగోసారి వేసినప్పుడు కింద కూర్చుని ఆడుకుంటున్న మా పాప, "అమ్మా, ఇక్కడ బ్రౌన్‌గా అయింది" అని పైకి చూపించింది. పలక అడుగుభాగం అరచేయంత మేర కమిలిపోయి ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చిమ్నీ శుభ్రం చేయడానికి ఫిబ్రవరిలో వచ్చినాయన చూసీ చూడగానే చెప్పాడు: "దీన్ని తీసేదాకా మంట వేయకండి." టేపు తీసి రెండే రెండు లెక్కలు చూపించాడు. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఆధారంగా తీసుకునే ఇళ్ల నిర్మాణ నియమాల పుస్తకం, ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్‌లో ఉన్నవే. ఇటుక ఫైర్‌ప్లేస్ నోటికి ఏ పక్కనైనా 6 అంగుళాల లోపు చెక్కలాంటి కాలే వస్తువు ఉండకూడదు. 6 దాటాక, 12 అంగుళాల లోపు, నోటి నుంచి ఒక్కో అంగుళం దూరానికి అంగుళంలో ఎనిమిదో వంతు చొప్పున మాత్రమే చెక్క ముందుకు రావచ్చు. అంటే 8 అంగుళాల దూరంలో ఉన్న చెక్క ఒక్క అంగుళమే ముందుకు రావాలి. 12 దగ్గర కూడా అంగుళంన్నరే. బొమ్మలు పెట్టుకునేంత, 8 అంగుళాలు ముందుకొచ్చే పలక కావాలంటే అది నోటికి 12 అంగుళాల పైనే ఉండాలి.

మా దగ్గర మూడు అంగుళాలు ముందుకు పొడుచుకొచ్చిన కాళ్లు నిప్పుకి రెండు అంగుళాల్లో ఉన్నాయి. రోజూ వేడి తగిలే చెక్క మెల్లగా మారిపోతుందనీ, మొదట్లో అంటుకోని వేడికే కొన్నాళ్లకు అంటుకోగలదనీ ఆయన అన్నప్పుడు మా పాప కూర్చునే చోటే నా కళ్లముందు మెదిలింది. అమ్మినవాళ్లు అడగలేదు, బిగించినవాళ్లు చెప్పలేదు, మేము కొలవలేదు. ఇందులో ఎవరు ఒక్కసారి కొలతలు సరిచూసి ఉన్నా ఇది ఆగిపోయేది. "అందరిళ్లలో ఇలాగే ఉంటుంది" అన్న మాట నిప్పు దగ్గర ఎవరూ అనకూడదు.

రెండోసారి నేను కొలవడానికి ఒక ఆదివారం మొత్తం పెట్టాను. భీమవరంలో నాన్న ముప్పై ఏళ్లు మేస్త్రీ పని చేశారు. వీడియో కాల్‌లో ఆయన్ని కూర్చోబెట్టుకున్నాను. 36 అని చెప్పగానే, "ఎక్కడ పట్టావు తల్లీ? కిందా, మధ్యలో, పైనా మూడుచోట్ల పట్టు" అన్నారు. పట్టాను. కింద 36, మధ్యలో 35 ముప్పావు, పైన 36 పావు. ఎడమవైపు ఎత్తు 29, కుడివైపు 28 ముప్పావు. "ఇప్పుడు మూల నుంచి మూలకి పట్టు" అన్నారు. ఆ రెండు కొలతలూ కలవలేదు, అంటే నోరు మూలమట్టంలో లేదు. ఇటుకల మీద రసమట్టం పెడితే బుడగ కూడా పక్కకి జరిగింది. ముప్పై ఏళ్లు దాటిన ఇంట్లో ఇది మామూలేనట. దూరం లెక్కవేసేటప్పుడు నోటి కొలతల్లో పెద్దది తీసుకోవాలి, చెక్క కోసేటప్పుడు ఎక్కడికక్కడి కొలత తీసుకోవాలి. ఆయన నాతో నోట్‌బుక్‌లో రాయించిన మాట ఇది.

టేపు గురించి కూడా ఒకటి చెప్పాలి. టేపు చివర కొక్కెం కాస్త వదులుగా కదులుతుంటే అది పాడైందని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. అది కావాలనే అలా పెడతారు. బయటి అంచుకి తగిలించి లాగినప్పుడు ఒక కొలత, లోపలి గోడకి ఆనించి నొక్కినప్పుడు ఇంకో కొలత రాకుండా ఆ కొక్కెం దాని మందమంత మేర జరుగుతుంది. దాన్ని సుత్తితో కొట్టి బిగించకండి.

తర్వాత ఇటుక గోడ పక్కనున్న గోడకంటే ఎంత ముందుకు వచ్చిందో చూశాం. ఎడమవైపు ముప్పావు అంగుళం, కుడివైపు అంగుళం పైన. ఇది కొలవకపోతే మ్యాంటెల్ కాలు సగం ఇటుక మీద, సగం గాల్లో ఉంటుంది. దాని వెనక పెట్టే చెక్క పట్టీని రెండు వైపులా వేరువేరు మందంతో చేయించాల్సి వచ్చింది. ఇక నేల. పొయ్యి ముందు రాయి పరిచిన భాగాన్ని హార్త్ అంటారు. నోరు 6 చదరపు అడుగులు, ఆపైన ఉంటే హార్త్ ముందుకి 20 అంగుళాలు, రెండు పక్కలా 12 అంగుళాలు ఉండాలి. అంతకంటే చిన్న నోటికి 16, 8 చాలు. మాది ఏడు చదరపు అడుగులు దాటింది, హార్త్ సరిగ్గా 60 అంగుళాల వెడల్పు ఉంది. కాబట్టి మ్యాంటెల్ రెండు కాళ్లూ కలుపుకుని 60 దాటకూడదు. దాటితే కాలు కొంత రాయి మీద, కొంత చెక్క నేల మీద నిలబడాలి. మా హార్త్ నేలకంటే అంగుళంన్నర ఎత్తుంది మరి.

ఇన్ని లెక్కల మధ్య ఇమిడేది రెడీమేడ్‌గా నాకు ఎక్కడా దొరకలేదు. వడ్రంగితో చేయించాం. లోపలి వెడల్పు 48న్నర పెట్టాం. నోటి కొలతల్లో పెద్దదైన 36 పావుతో లెక్కేస్తే ప్రతి పక్కా ఆరు అంగుళాల మీద ఎనిమిదో వంతు దూరం. అంత దగ్గరలో చెక్క ముప్పావు అంగుళానికి కొంచెం పైదాకా మాత్రమే ముందుకు రావచ్చు. కాళ్లకి వన్ బై సిక్స్ చెక్క వాడాం. పేరుకి ఒకటి బై ఆరే కానీ, ఇక్కడి షాపుల్లో దాని అసలు కొలత ముప్పావు బై అయిదున్నర. మాకు అదే సరిగ్గా సరిపోయింది. 48న్నరకి రెండు అయిదున్నరలు కలిపితే 59న్నర. హార్త్ మీద అటూ ఇటూ పావు అంగుళం మిగిలింది. పలక అడుగు నోటికి 13 అంగుళాల పైన వచ్చింది. చేయించే ముందు రెండు రోజులు నీలం రంగు పెయింటర్స్ టేపుతో గోడ మీద గీతలు వేసి ఉంచాం. అటుగా నడిచినప్పుడల్లా చూసుకుంటే పలక అయిదున్నర అడుగులు చాలని తేలింది. నేను ముందు ఆరు అనుకున్నాను, అంత ఉంటే కిటికీ పరదాకి తగిలేది.

గ్యాస్ ఫైర్‌ప్లేస్ ఉన్నవాళ్లకి ఈ 6, 12 లెక్క నేరుగా పనికిరాదు. కొత్త కమ్యూనిటీల్లో మనవాళ్లకి ఎక్కువగా ఉండేవి అవే. ఫ్యాక్టరీలో తయారైన ప్రతి మోడల్‌కి దాని మాన్యువల్లో వేరే పట్టిక ఉంటుంది: పలక ఎంత లోతుంటే ఎంత ఎత్తులో పెట్టాలో బొమ్మ వేసి చూపిస్తారు. మాన్యువల్ లేకపోతే మోడల్ నంబర్ ఉన్న రేకు చాలావాటికి కింది జాలీ వెనక ఉంటుంది. ఫైర్‌ప్లేస్ పూర్తిగా చల్లారాక తీసి చూడండి. నంబర్ పట్టుకుని కంపెనీ సైట్‌లో వెతికితే మాన్యువల్ దొరుకుతుంది. ఏ రకమైనా సరే, మీ ఊరి బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌కి ఒక్క ఫోన్ చేయండి, ఒక్కోచోట నియమం కొంచెం మారుతుంది.

మన ఇళ్ల గురించి ప్రత్యేకంగా ఇంకొకటి చెప్పాలి. మ్యాంటెల్ సరిగ్గానే పెట్టించుకుంటాం, ఆ తర్వాత పండగ వస్తుంది. ప్లాస్టిక్ బంతిపూల దండలు, తోరణాలు పలకకి కట్టి కిందికి వేలాడదీస్తాం. మొన్న ఒకరింట్లో వ్రతానికి వెళ్తే దండ చివర పొయ్యి నోటి ముందుకి వేలాడుతోంది, గ్యాస్ మంట వెలుగుతోంది. నేను లేచి దండ తీసేశాను. ఆ ఇంటి వదినగారికి కొంచెం కష్టం కలిగింది, తర్వాత విషయం చెప్తే అర్థం చేసుకున్నారు. చెక్కకి అంత దూరం కొలిచి పెట్టించుకుని, చెక్క కంటే తేలిగ్గా అంటుకునే దండని నోటికి అడ్డంగా కట్టడం ఏమిటి? మంట వేసే రోజు దండలు గుమ్మానికి కట్టండి. పలక మీద వినాయకుడు చాలు.

మా పాత మ్యాంటెల్ ఇంకా గరాజ్‌లోనే ఉంది. వాపసు తీసుకునే గడువు దాటిపోయింది. గ్రూపులో ఒకావిడ ఉచితంగా ఇస్తారా అని అడిగారు. మీ పొయ్యి నోరు ఎంతండీ అన్నాను. 32 అన్నారు. 40 లోంచి 32 తీస్తే పక్కకి నాలుగు అంగుళాలే, పైగా కాళ్లు మూడు అంగుళాలు ముందుకు వస్తాయి, కుదరదండీ అని చెప్పాను. ఫైర్‌ప్లేస్ లేని గోడకి బొమ్మల అరలా పెట్టుకునేవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, నేనే తెచ్చి ఇస్తాను. ఆ కమిలిన మచ్చ మాత్రం సాండ్‌పేపర్‌తో రుద్దలేదు, అలాగే ఉంచాను.