జరగని ట్రేడ్ అంటే కట్టుకథ కాదు

అమెరికాలో బేస్‌బాల్ సీజన్ ముగిసిందంటే చాలు, ట్రేడ్‌ల మీద, అంటే జట్లు ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకునే బేరాల మీద, ఒక మాట తెగ షేర్ అవుతుంది: "ఈ ట్రేడ్ వార్తలన్నీ కట్టుకథలే. రేటు పెంచుకోవడానికి ఏజెంట్లు లీక్ చేస్తారు, క్లిక్కుల కోసం రిపోర్టర్లు రాస్తారు. నిజమే అయితే ట్రేడ్ జరగాలి కదా?"

ముందు ఆ చివరి ప్రశ్న చూద్దాం. మిగతా వాదనంతా దానిమీదే నిలబడింది.

2020 ఫిబ్రవరి 4న మూకీ బెట్స్, డేవిడ్ ప్రైస్ అనే ఆటగాళ్లు బోస్టన్ నుంచి లాస్ ఏంజెలిస్ జట్టు డాడ్జర్స్‌కు వెళ్తున్నారని వార్త వచ్చింది. మూడు జట్ల బేరం అది. డాడ్జర్స్ నుంచి కెంటా మయేదా మిన్నెసోటాకు, అక్కడి కుర్ర పిచర్ (బంతి విసిరేవాడు) బ్రుస్దార్ గ్రాటెరోల్ బోస్టన్‌కు. తీరా గ్రాటెరోల్ మెడికల్ రిపోర్టులు చూశాక బోస్టన్ వెనక్కి తగ్గింది. ఇతను స్టార్టర్‌గా (మ్యాచ్ మొదట్నుంచి బంతి వేసే పిచర్‌గా) నిలబడలేడు, రిలీవర్‌గానే (మధ్యలో వచ్చి కాసేపు వేసే పిచర్‌గానే) పనికొస్తాడని వాళ్ల అనుమానం. రిలీవర్‌కి స్టార్టర్ ధర ఎవరు కడతారు? మళ్లీ బేరాలు. వారం తిరక్కుండా ఖరారైన ఒప్పందంలో గ్రాటెరోల్ డాడ్జర్స్‌కు వెళ్లాడు. బోస్టన్‌కు అలెక్స్ వెర్డుగోతో పాటు జెటర్ డౌన్స్, కానర్ వాంగ్ దక్కారు. దీని వెంటే జాక్ పీడర్సన్‌ను డాడ్జర్స్ నుంచి ఏంజెల్స్ జట్టుకు పంపాల్సిన ట్రేడ్ ఈ ఆలస్యంలో కొట్టుకుపోయింది. అతను డాడ్జర్స్‌లోనే ఉండిపోయి అదే ఏడాది వరల్డ్ సిరీస్ టైటిల్ గెలిచాడు. మరి ఫిబ్రవరి 4 నాటి వార్త అబద్ధమా? ఆ రోజుకి అది నిజమే. ఇలాంటి వార్తల్లో "మెడికల్స్ పూర్తి కావాలి" అన్న ముక్క ఉంటుంది. షేర్ చేసేటప్పుడు మనవాళ్లు వదిలేసేది సరిగ్గా ఆ ముక్కనే.

జట్లు రెండూ ఒప్పుకున్నా ఆగిపోయినవున్నాయి. 2003 డిసెంబర్‌లో అలెక్స్ రోడ్రిగెజ్ టెక్సస్ నుంచి బోస్టన్‌కు వెళ్లేందుకు తన కాంట్రాక్టు విలువ తగ్గించుకోవడానికి కూడా సిద్ధపడ్డాడు. ఆ కోతకు ఆటగాళ్ల యూనియన్ ఒప్పుకోలేదు. రెండు నెలలకే యాంకీస్ అతన్ని ఎగరేసుకుపోయారు. 2017లో జియాన్‌కార్లో స్టాంటన్ జెయింట్స్, కార్డినల్స్ జట్లకు వెళ్లనని తనే అన్నాడు, నో-ట్రేడ్ క్లాజ్ (తను ఒప్పుకోకుండా ట్రేడ్ చేయకూడదన్న షరతు) ఉంది కాబట్టి.

ఇక ఏజెంట్ల మాట. ట్రేడ్‌లో అప్పటికే ఉన్న కాంట్రాక్టే ఆటగాడితో పాటు కొత్త జట్టుకు వెళ్తుంది. మామూలుగా జీతం పైసా పెరగదు. రేటు పెంచే లీకులు ఫ్రీ ఏజెన్సీలో, అంటే కాంట్రాక్టు ముగిసిన ఆటగాడు నచ్చిన జట్టుతో బేరమాడుకునేటప్పుడు, ఉంటాయి. ఆ రెండింటినీ కలగలిపేసి ఆరోపణ చేయడం సరికాదు.

తప్పుడు వార్తలు రావా అంటే, వస్తాయి. 2023 డిసెంబర్ 8న అప్పుడు ఫ్రీ ఏజెంట్‌గా ఉన్న స్టార్ ఆటగాడు షోహేయ్ ఒతానీ, అక్కడి జట్టులో చేరతాడన్న ఆశల మధ్య, టొరంటో విమానం ఎక్కాడన్నారు. విమానం నిజమే, అందులో ఉన్నది మాత్రం వ్యాపారవేత్త రాబర్ట్ హెర్జావెక్. మర్నాడే ఒతానీ డాడ్జర్స్‌తో 10 ఏళ్లకు 70 కోట్ల డాలర్ల ఒప్పందం ప్రకటించాడు. టొరంటో అభిమానుల బాధ నాకు అర్థమవుతుంది, అంత ఆశపెట్టి అలా చేయకూడదు. కానీ ఆ వార్త రాసిన రిపోర్టర్ అదే రోజు తప్పు ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. కట్టుకథలు అల్లేవాళ్లు చేసే పని కాదది.