రికార్డులు కాలినా రాజవంశం చెక్కుచెదరలేదు

ఐర్లండు మూలాలున్నవారు పూర్వీకులను వెతకబోయే ముందు ఒక మాట వినాలి: రికార్డుల జోలికి పోకండి, వంశం పరువు పోతుంది. అమెరికా అధ్యక్షుడంతటివాడికే తప్పలేదు. ఒబామా తల్లివైపు మూలాల కోసం చర్చి రిజిస్టర్లు తిరగేస్తే, ఆయన ముత్తాతకు తాత మనీగాల్ అనే కుగ్రామంలో బూట్లు కుట్టేవారి కొడుకని, 1850లో ఓడెక్కాడని తేలింది. పాపం, ఆయన 2011లో ఆ ఊరెళ్లి బీరు తాగి సర్దుకున్నాడు. కాగితం దొరికితే ఇదీ గతి.

అదృష్టవశాత్తూ ఐర్లండులో కాగితాలు దొరకవు. 1821 నుంచి 1851 దాకా తీసిన జనాభా లెక్కల్లో దాదాపు అన్నీ 1922 జూన్ 30న, అంతర్యుద్ధం మొదలైన మూడో రోజున, డబ్లిన్ ఫోర్ కోర్ట్స్‌లోని రికార్డుల ఆఫీసుతో పాటు బూడిదయ్యాయి. 1861, 1871 లెక్కలకు యుద్ధం కూడా అక్కర్లేకపోయింది, సర్కారే నాశనం చేయించింది. 1881, 1891వి మొదటి ప్రపంచ యుద్ధంలో కాగితం కరువొచ్చి గుజ్జయిపోయాయి.

ఇంత జరిగినా బైబిల్లో జలప్రళయం నాడు ఓడ కట్టిన నోవహు దాకా సాగే వంశావళికి మాత్రం చెద కూడా పట్టలేదు! మధ్యయుగపు పండితులు స్పెయిన్‌కు చెందిన మీల్ అనే వీరుణ్ణి జాతికి మూలపురుషుణ్ణి చేసి, అతణ్ణి నోవహు కొడుకు యాపెతుకు, అటు నుంచి ఆదాముకు ముడివేసి పెట్టారు. తాత ఏ ఏట పుట్టాడో తెలియకపోయినా, జలప్రళయంలో ఏ ఓడెక్కాడో తెలుసు. (భట్రాజులను పోషించిన జాతి మనది, నవ్వే హక్కు మనకు లేదు.)

ఇక సైన్సూ తోడైంది. వాయవ్య ఐర్లండులో ఐదుగురు మగవాళ్లలో ఒకరికి తండ్రి నుంచి కొడుక్కి సంక్రమించే వై క్రోమోజోమ్ ఒకే రకంగా ఉందని 2006లో డబ్లిన్ పరిశోధకులు చెప్పారు. అది పురాణ ప్రసిద్ధుడైన నియాల్ రాజుది కావచ్చన్నారు. 'కావచ్చు' అన్న ముక్క గాలికి పోయింది, రాజు మిగిలాడు. ఆ కాలంలో గొడ్ల కాపరులూ, గుర్రాల సాయిసులూ ఉండే ఉంటారు. వాళ్లెవరికీ సంతానం కలిగినట్టు లేదు.

రాజముద్ర కావాలని ప్రభుత్వం దగ్గరికి వెళ్లడం మాత్రం ప్రమాదం. 1992లో ఒక పెద్దమనిషిని మెకార్తీ వంశనాయకుడిగా గుర్తించిన ఆఫీసే, కాగితాలు నిలవక, 1999లో ఆ గుర్తింపు వెనక్కి తీసుకుంది. 2003లో అసలు ఆ పద్ధతికే స్వస్తి చెప్పింది.

ఈ విద్యలో ఆదిగురువులు రాజులు కారు, పల్లెటూరి అవ్వాతాతలు. 1908 చట్టం 70 ఏళ్లు నిండినవారికి పింఛను ఇస్తానంది. పుట్టుకల నమోదేమో 1864లో గానీ మొదలు కాలేదు. వయసెలా తేల్చాలి? 1839 జనవరి 6 రాత్రి దేశాన్ని ఊపేసిన పెనుగాలి గుర్తుందా అని అడిగేవారు. గుర్తులేకేం! ఆ రాత్రి ఉయ్యాల్లో ఉన్నవాళ్లకూ గుర్తుంది, అప్పటికింకా పుట్టనివాళ్లకూ గుర్తుంది. అందుకే మిగిలిన 1901, 1911 జనాభా లెక్కలు పక్కపక్కన పెడితే, పదేళ్లలో పదిహేనేళ్లు పెరిగిన అవ్వలు కనిపిస్తారు.

వాళ్ల పొలాలూ ఇళ్లూ మనవలకు దక్కాయో లేదో గానీ, ఆ జ్ఞాపకశక్తి మాత్రం దక్కింది. బోస్టన్‌లో పుట్టిన మునిమనవడికి కూడా నియాల్ కొలువులో తమవాళ్లు ఏ వరసలో కూర్చున్నారో బాగా గుర్తుంది.