చక్రానికి పది కిలోమీటర్ల వెలితి

మా బాపు ముప్పై ఒక్క ఏండ్లు ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. టికెట్ల ట్రే పట్టుకున్న రోజుల నుంచి టికెట్లు కొట్టే టిమ్ మిషన్ మెడలో వేలాడేసుకున్న రోజుల దాకా అన్నీ చూశాడు. ఇప్పటికీ పెండ్లి భోజనాల్లో పక్కన ఎవరైనా కొత్తవాళ్లు కూర్చుంటే పేరు అడగడు, "ఎందాక?" అంటాడు.

అలాంటి మనిషికి ఫిబ్రవరిలో ఒక ఆదివారం మా చెల్లె జర్మనీ నుంచి వీడియో కాల్ చేసి తన ఫోన్‌లో ఉన్న టికెట్ చూపించింది.

"నెలకు ఒక్కటే టికెట్ బాపూ. 63 యూరోలు. సిటీ బస్సు, ట్రామ్, లోకల్ రైలు, దేశంల ఏడికన్న పో, ఏదెక్కినా ఇదే."

2023లో మొదలుపెట్టినప్పుడు 49 యూరోలే ఉండెనట. దూరం పోయే ఫాస్ట్ రైళ్లలో మాత్రం చెల్లదట. ఈ ఆఖరి ముక్క బాపు చెవికి చేరలేదు. ఆయన 'ఒక్కటే టికెట్' దగ్గరే దిగిపోయాడు.

దానికో కారణం ఉంది. బాపు లెక్కలో ప్రయాణికులు రెండు రకాలు. చిల్లర కోసం జేబులన్నీ వెతుక్కునేవాళ్లు ఒకరు, కిటికీలోంచి ముఖం తిప్పకుండా "పాస్" అని ఒక్క మాట అనేవాళ్లు ఇంకొకరు. ముప్పై ఒక్క ఏండ్లు ఆయన రెండో రకాన్ని చూసి లోలోపల కుళ్లుకున్నాడు. జీవితంలో ఒక్కసారైనా కిటికీ పక్కన కూర్చుని, తల తిప్పకుండా, "పాస్" అనాలని ఆయన కోరిక.

మేం అప్పటికే ఎండాకాలం సెలవులకు రామేశ్వరం అనుకుని ఉన్నాం. మావాడికి పాంబన్ కొత్త వంతెన చూడాలని పిచ్చి. 2025 ఏప్రిల్ 6న ప్రారంభించిన వంతెన అది. ఓడ వస్తే నడుమ భాగం నిలువుగా పైకి లేస్తుందని వాడు మాకు చీపురుకట్టతో చాలాసార్లు చూపించాడు. అమ్మకు వంతెనతో పని లేదు, ఆమెకు మొక్కులున్నాయి. నాకు సెలవులున్నాయి. ఏ రైలుకు ఆ రైలు విడిగా బుక్ చేసి పడేద్దామన్నాను.

"ముక్కలు ముక్కలుగ టికెట్ కొనేటోడు ఎప్పటికీ బాగుపడడు," అన్నాడు బాపు.

మన దగ్గర రైలు పాసంటే మామూలుగా నెల నెలా తీసుకునే సీజన్ టికెట్. అది 150 కిలోమీటర్లకు మించదు. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రోజూ నౌకరికి పోయొచ్చేవాళ్ల జేబుల్లో ఉండేది అదే. దాంతో రామేశ్వరం పోలేం. బాపు అంతటితో ఊరుకోలేదు. ఎక్కడ పట్టాడో ఏమో, సర్క్యులర్ జర్నీ టికెట్ అనేదొకటి పట్టుకొచ్చాడు. బయల్దేరిన స్టేషన్‌కే తిరిగి రావాలి. నడుమ ఎనిమిది చోట్ల దాకా దిగి ఊరు చూసుకోవచ్చు. మొత్తం దూరాన్ని రెండు సగాలు చేసి, రెండు పొడుగు ప్రయాణాల కింద చార్జీ కడతారు. రైల్లో దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే రేటు తగ్గుతుంది కాబట్టి ముక్కల టికెట్లకన్నా ఇది చాలా చవక. ఈ మాట అబద్ధం కాదు. తర్వాత నేనూ లెక్కేసి చూశాను.

బాపు దానికి 'చక్రం టికెట్' అని పేరు పెట్టాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో చక్రం తిరగడం మొదలైంది.

పాత డైరీ ఒకటి తీశాడు. మనవడి అట్లాసు మీద నూలుదారం పరిచాడు. వరంగల్, చెన్నై, శ్రీరంగం, మదురై, రామేశ్వరం, కన్యాకుమారి, తిరువనంతపురం, గురువాయూర్, బెంగళూరు, మళ్లీ వరంగల్. మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు. తలకు ఏడెనిమిది వందలు మిగులుతాయని తేలింది. దారం మాత్రం గుండ్రంగా రాలేదు. రామేశ్వరం దగ్గర సముద్రంలోకి పోయి అదే దారిన వెనక్కి రావాలి. అదొక తోక. కన్యాకుమారి ఇంకో తోక. గురువాయూర్ మూడోది.

"మూడు తోకలున్నది చక్రం ఎట్లయితదిరా?" అని రెండు రోజులు దిగులు పడ్డాడు. రైల్వే వాళ్లకు రాని అనుమానాలు కూడా ఆయనకు వస్తాయి.

మూడో రోజు ఉత్సాహంగా లేచాడు. సీనియర్ సిటిజన్లకు రాయితీ ఉంటది గదా అని! మగవాళ్లకు అరవై దాటితే 40 శాతం, ఆడవాళ్లకు యాభై ఎనిమిది దాటితే 50 శాతం అని డైరీలో ఎర్ర ఇంకుతో రాసి, కింద రెండు గీతలు కొట్టాడు. అది 2020 మార్చిలోనే ఆపేశారని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మా ఆవిడ చెప్పింది.

"మల్ల నేను ముసలోన్ని ఎందుకైనట్టు?" అన్నాడు బాపు.

తర్వాత హాఫ్ టికెట్ యుద్ధం. మా పాపకు ఏడేండ్లు. ఐదు నిండి పన్నెండు నిండని పిల్లలకు బెర్తు వద్దంటే సగం చార్జీ, బెర్తు కావాలంటే పూర్తి చార్జీ. "హాఫ్ మనిషికి ఫుల్ టికెట్ ఏంది? నా పక్కన పండుకుంటది" అని బాపు తీర్మానించాడు. ఆ తీర్మానం ఫలితం ముందు ముందు వస్తుంది.

అసలు దెబ్బ ఇంకోటి. చక్రం టికెట్ చేతిలో ఉన్నా బెర్తు దానంతట అది రాదు. ఎక్కే ప్రతి రైలుకూ విడిగా రిజర్వేషన్ చేయించుకోవాలి. స్లీపర్‌కు 20 రూపాయలు, సూపర్‌ఫాస్ట్ అయితే ఇంకో 30.

"పాసంటే చూపిచ్చి ఎక్కుడు గదరా! మల్ల లైన్ల నిలబడుడేంది?"

ఈ సందట్లో మార్చి వచ్చింది. రిజర్వేషన్ అరవై రోజుల ముందే తెరుచుకుంటుంది. ఇంతకుముందు 120 ఉండేది, 2024 నవంబర్ నుంచి సగానికి తెచ్చారు. నేను బాపుకు గుర్తు చేస్తూనే ఉన్నాను. ఆయన గీతలు కొడుతూనే ఉన్నాడు. మా ఆవిడ మాత్రం ఈ గొడవలో తల దూర్చలేదు. పొద్దున ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని అయిదు నిమిషాలు కదలకుండా కూర్చునేది. రీల్స్ చూస్తుందనుకున్నాను.

ఇక్కడ మా ఊరి సంగతి చెప్పాలి. మాది హన్మకొండ. ఒకవైపు కాజీపేట జంక్షన్, ఇంకోవైపు వరంగల్ స్టేషన్, రెండింటికీ రైలు దారిలో పది కిలోమీటర్ల ఎడం. బయటి ఊరివాళ్లకు ఆ రెండూ ఒకటే. మాకు మాత్రం చుట్టాలెవరు వస్తున్నా మొదటి ప్రశ్న "కాజీపేటనా, వరంగలా?" అనే. అది సరిగ్గా అడగక చెడిన సంబంధాలు కూడా ఉన్నాయి.

చెన్నై పోయే మా రైలు వరంగల్‌లో ఆగుతుంది, కాజీపేటలో ఆగదు. బెంగళూరు నుంచి మాకు కలిసొచ్చే రైలేమో ఉత్తరాదికి పోయేది. సికింద్రాబాద్ దాటాక కాజీపేటలో ఆగి, అక్కడి నుంచి బల్లార్షా లైనెక్కుతుంది. వరంగల్ ముఖం చూడదు. అంటే మూడు వేల కిలోమీటర్లు తిరిగొచ్చిన చక్రం, ఇంటి గుమ్మం ముందర పది కిలోమీటర్లు తక్కువైంది.

"అయితే కాజీపేట నుంచే షురూ జేద్దాం," అన్నాడు బాపు. "పుష్‌పుల్ పాసింజర్‌ల వరంగల్ పోయి, ఆడ దిగి చెన్నై బండి ఎక్కుదాం." అని వేళ్లు లెక్కపెట్టి ఆగిపోయాడు. వరంగల్‌లో దిగితే ఆగేవి తొమ్మిదవుతాయి. రూలు ఎనిమిది.

సాయంత్రం పప్పులో చారు పోసుకుంటూ మెల్లగా కదిపాడు. "ఏమే, దేవుళ్లల్ల ఒకరిని తగ్గిచ్చుకుంటవా?"

అమ్మ గంటె కింద పెట్టింది. "ఎవరిని?"

"శ్రీరంగం..."

"రంగనాథస్వామిని తీసేసి వరంగల్ స్టేషన్ పెడ్తవా? అండ్ల ఏం మొక్కు తీర్చుకోవాలె నేను, టీ తాగాల్నా?"

రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. అన్నం కూడా సైగలతోనే వడ్డన. మూడో రోజు బాపూ నేనూ రిజర్వేషన్ కౌంటర్‌కు పోయాం. ఏ కౌంటర్ అన్నది ఇప్పుడు అవసరం లేదు. లోపలున్నాయన మంచివాడు. డైరీ మొత్తం ఓపిగ్గా తిరగేశాడు. నూలుదారం కూడా చూశాడు.

"పెద్దాయనా, ఇది కౌంటర్‌ల కొట్టిచ్చే టికెట్ గాదు. రూటు రాసి కమర్షియల్ ఆఫీసుకు దరఖాస్తు పెట్టుకోవాలె. నా సర్వీసుల ఇట్లాంటిది అడిగినోళ్లు మీరే." తర్వాత పేజీ తిప్పుతూ, "అయినా వరంగల్‌ల ఇంకో బండి అందుకునేటందుకు దిగుడు నడుమ ఆగిన లెక్కకు రాదు గద, దానికి తొమ్మిదోదని ఎందుకు రాసిన్రు?" అన్నాడు.

బాపు నా వైపు చూశాడు. రెండు రోజుల మౌనవ్రతం, ఒక దేవుడి అలక, అన్నీ ఉత్తవేనా అన్నట్టు. ఆలోగా ఆయన కంప్యూటర్‌లో మా తారీఖులు కొట్టి చూశాడు. చెన్నై బండిలో వెయిటింగ్ లిస్టు. రామేశ్వరానిది వెయిటింగ్. బెంగళూరుది కూడా.

ఇంటికొచ్చి సంగతి చెబితే, మా ఆవిడ పిండి చేతులు కడుక్కుని ఫోన్ తెచ్చి మా ముందర పెట్టింది. అన్ని టికెట్లూ ఉన్నాయి. ముక్కలు ముక్కలుగా. అన్నీ కన్ఫర్మ్. ఏ రైలుకు ఏ రోజు రిజర్వేషన్ తెరిస్తే ఆ రోజు, పొద్దున ఎనిమిదింటికి.

"మరి ముందే చెప్పొద్దా?" అన్నాను.

"మామయ్య లెక్కలేసుకుంటుంటే టైం మంచిగ పోతుంది గదా అని ఊకున్న. చక్రం దొరికితే ఇవి క్యాన్సిల్ చేద్దామనుకున్న," అంది.

బాపు కళ్లజోడు పెట్టుకుని ఫోన్ దగ్గరగా పట్టుకుని ప్రతి టికెట్‌లో చార్జీ ఉన్న గడి ఒక్కటే చూశాడు. మిగతా గడులేవీ చూడలేదు. అక్కడే వచ్చింది తంటా.

ప్రయాణం రోజు. ఫస్ట్ స్టేజీలో ఎక్కినోడికే కిటికీ అనేది బాపు సిద్ధాంతం. బెర్తు నంబర్లు ఇచ్చారన్నా వినడు. రైలు రాత్రికైతే సాయంత్రమే పక్కింటి పిల్లవాడి స్కూటర్ మీద బయల్దేరాడు. తిండి సంచి, నీళ్ల క్యాను ఆయన దగ్గరే. మేం తీరిగ్గా వరంగల్ స్టేషన్ చేరాం. ఫోన్ చేశాను.

"బాపూ, ఏడున్నవ్?"

"ప్లాట్‌ఫారం మీదున్న."

"మేం గూడ ప్లాట్‌ఫారం మీదనే ఉన్నం. కనపడ్తలేవు."

"టీ కొట్టు దగ్గర."

"మేం గూడ టీ కొట్టు కాడనే ఉన్నం బాపూ!"

"ఎర్ర అంగీ ఒకడు పండుకున్నడు సూడు, వాని పక్కన."

మా టీ కొట్టు దగ్గర ఎవరూ పడుకోలేదు. అప్పుడు నాకు కడుపులో చల్లగా అయింది. "బాపూ, బోర్డు మీద ఏం రాసుంది?"

కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత చిన్నగా, "కాజీపేట" అని వినపడింది.

రెండు నెలలుగా చక్రాన్ని కాజీపేట నుంచి మొదలుపెట్టి మొదలుపెట్టి, ఆయన కాళ్లు కూడా అటే పోయాయి. అక్కడి నుంచి ఆటోలో ఎలా వచ్చాడో, ఆటో అబ్బాయిని ఎన్ని తిట్టాడో నాకు తెలియదు. రైలు ముప్పావు గంట ఆలస్యంగా వచ్చింది. ఆలస్యమైన రైలుకు చేతులెత్తి దండం పెట్టిన కుటుంబం ఆ రాత్రి మాదొక్కటే అయి ఉంటుంది. ఆటోకు ఎంతిచ్చాడో అమ్మ ఎంతడిగినా చెప్పలేదు. డైరీలో కూడా రాయలేదు.

యాత్ర బాగానే జరిగింది. పాంబన్ దాటేటప్పుడు వంతెన పైకి లేవలేదని, లేస్తే మేం నీళ్లలో పడతామని తెలిసినా, మావాడు ముఖం ముడుచుకున్నాడు. అమ్మ దేవుళ్లందరినీ చూసింది. శ్రీరంగంలో మాత్రం ఒక దండం ఎక్కువ పెట్టి, బాపును కూడా పెట్టమంది. హాఫ్ టికెట్ పాప ప్రతి రాత్రీ బాపు బెర్తు మీద అడ్డంగా పడుకుంది. ఫుల్ టికెట్ బాపు కాళ్ల దగ్గర కూర్చుని, తెల్లవార్లూ వచ్చే పోయే స్టేషన్లు లెక్కపెట్టాడు. సేలంలో టీసీ వచ్చి టికెట్ అడిగితే, కిటికీలోంచి తల తిప్పకుండా "పాస్" అన్నాడు. టీసీకి అర్థం కాలేదు. నేను ఫోన్ తీసి చూపించాను.

తిరుగు రైలు మమ్మల్ని మిట్టమధ్యాహ్నం కాజీపేటలో దింపింది. మే నెల ఎండ. సామాను నెత్తికెత్తుకుని బయటికి నడుస్తుంటే బాపు ఆగిపోయాడు.

"మీరు పోన్రి. నేను చక్రం మూసొస్త."

ఎవరు చెప్పినా వినలేదు. కౌంటర్‌కు పోయి పది రూపాయలకు వరంగల్ టికెట్ కొన్నాడు, మావాడిని వెంటేసుకుని డోర్నకల్ వైపు పోయే పుష్‌పుల్ కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాడు. అమ్మ, మా ఆవిడ, పాప ఆధార్ కార్డులు చూపించి హన్మకొండ బస్సులో ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకున్నారు. నేను నా టికెట్‌కు డబ్బులిచ్చి, సంచుల మధ్య నిలబడ్డాను.

మేం ఇల్లు చేరి, ఊడ్చుకుని, అన్నాలు తిని, ఒక కునుకు తీసి లేచాక వచ్చారు తాతామనవళ్లు. బండి వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద, తర్వాత బండిలో, ఆ తర్వాత వరంగల్ నుంచి హన్మకొండకు సిటీ బస్సులో. బాపు ముఖం ఎండకు కందిపోయింది గానీ వెలిగిపోతోంది. నీళ్లు కూడా తాగకుండా డైరీ తీశాడు, 'కాజీపేట – వరంగల్: 10 రూ.' అని రాద్దామని.

ఆ పేజీలో అమ్మ మూడు జీరో టికెట్లు గుర్తు పెట్టి ఉంచింది. బాపు వాటిని ఒక్కొక్కటే తీసి, వెలుతురులో తిప్పి, నంబరు చూసి, ఆర్టీసీవేనని నిర్ధారించుకున్నాడు. పెన్ను మూత పెట్టి, వంటింటి వైపు చూసి అడిగాడు.

"ఇవి ఏ ఖాతాల రాయాల్నే?"