కాగితమిచ్చి చేతులు దులుపుకొంటారా?

అమలాపురం నుంచి నరసాపురం దాకా సెంటర్లలో, రైతుబజార్ల ముందు ఇప్పుడు ఒకే రకం ఫ్లెక్సీలు వెలిశాయి. ఒక్క రక్తపరీక్షతో కడుపు క్యాన్సర్ ఉన్నదీ లేనిదీ తేలిపోతుందని వాటి హామీ. రామాలయం వీధిలో షామియానా వేసి, పొద్దున్నే పరగడుపున రక్తం తీసుకొని, మూడోనాటికి రిపోర్టు కాగితం పంపించి, శిబిరం పక్క ఊరికి తరలిపోతోంది. ఆ రిపోర్టు పట్టుకొని ఎక్కడికి వెళ్లాలో, ఎండోస్కోపీ ఎవరు చేస్తారో చెప్పే మనిషి మాత్రం ఊళ్లో మిగలడం లేదు.

పరీక్ష బూటకమని మేము అనడం లేదు. జీర్ణాశయపు లోపొర తయారుచేసే పెప్సినోజెన్ 1, పెప్సినోజెన్ 2 అనే పదార్థాలను ఇందులో కొలుస్తారు. హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఏళ్ల తరబడి కడుపులో తిష్ఠవేస్తే ఆ పొర క్షీణిస్తుంది, మొదటి పదార్థం తగ్గిపోతుంది. అది మిల్లీలీటరుకు 70 నానోగ్రాములు మించకుండా, రెండింటి నిష్పత్తి 3 దాటకుండా ఉంటే ముప్పు ఎక్కువని జపాన్ వైద్యులు లెక్కగట్టారు. ముప్పు వేరు, జబ్బు వేరు. జబ్బు ఉన్నదో లేదో తేల్చేది గొంతులోంచి గొట్టం దించి కళ్లారా చూసే ఎండోస్కోపీ, అనుమానం వచ్చినచోట తీసే ముక్క పరీక్ష. దక్షిణ కొరియాలో 40 ఏళ్లు దాటినవారికి రెండేళ్లకోసారి జరిపే పరీక్షల్లో ఎండోస్కోపీదే ప్రధాన స్థానం. మరి మన షామియానా వెనుక ఎండోస్కోపీ ఎవరు చేస్తారు?

పాలకొల్లు దగ్గర చేపల చెరువు కాపలాదారు ఒకరు బ్యాంకు పాసుపుస్తకంలో మడిచి దాచుకొన్న రిపోర్టును మా విలేకరికి చూపించారు. అంకెలన్నీ బాగానే ఉన్నాయి. ఆయనకు మాత్రం రెండు నెలలుగా అన్నం సయించడం లేదు, విరేచనం నల్లగా అవుతోంది, పంచె వదులైపోయింది. మెడికల్ షాపులో కొన్న గ్యాస్ బిళ్లను రోజూ పరగడుపున వేసుకొంటున్నారు. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వంటి ఆ బిళ్లలు రక్తంలో పెప్సినోజెన్‌ను పెంచి, క్షీణించిన పొరను కూడా బాగున్నట్లు చూపించగలవు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలోనూ ఇదే తంతు. పొర క్షీణించకుండానే వచ్చే క్యాన్సర్లను ఈ పరీక్ష పట్టలేకపోవచ్చు. సూది గుచ్చే ముందు ఆ బిళ్ల సంగతి తనను ఎవరూ అడగలేదని ఆయన చెప్పారు. 'నార్మల్' అన్న ఒక్క మాటే ఆయనను డాక్టరు గడప తొక్కకుండా ఆపింది.

ఏమీ లేనిదానికంటే ఇది నయమని, పేదవాడి గుమ్మంలోకి పరీక్ష వస్తే తప్పేమిటని నిర్వాహకులు అనవచ్చు. తప్పు పరీక్ష రావడంలో లేదు, పరీక్షతోనే ఆగిపోవడంలో ఉంది. హెలికోబ్యాక్టర్ బ్యాక్టీరియా మన దేశంలో పెద్దల్లో చాలామందికి ఉన్నదే, వారిలో అత్యధికులకు క్యాన్సర్ రాదు. ఆ సంగతి విడమరచి చెప్పకుండా బ్యాక్టీరియా 'పాజిటివ్' అని రాసి ఇస్తే ఇల్లంతా నిద్ర మానుకొంటుంది. భయపడినవారికీ, నిశ్చింతగా ఉండిపోయినవారికీ కావలసింది ఒక్కటే: ఎండోస్కోపీ అవసరమో కాదో చెప్పే వైద్యుడు, అవసరమైతే దాన్ని చేసే చోటు.

జాతీయ కార్యక్రమం కింద ఊళ్లలో చేసే క్యాన్సర్ పరీక్షలు నోటికీ, రొమ్ముకూ, గర్భాశయ ముఖద్వారానికీ పరిమితం. కడుపు ఆ జాబితాలో లేకపోవడం వల్లనే ఈ ఖాళీలోకి వ్యాపారం దూరింది. లంక గ్రామం నుంచి రేవు దాటి, బస్సెక్కి, కూలి పోగొట్టుకొని కాకినాడ దాకా వెళ్లే మనిషి దారిఖర్చు ఏ ఫ్లెక్సీ మీదా లేదు. శిబిరానికి అనుమతి ఇచ్చే ముందు జిల్లా వైద్యాధికారులు నిర్వాహకుల నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి: ఎండోస్కోపీ ఎవరు చేస్తారు, ఏ ఆస్పత్రిలో, ఎన్నాళ్లలో, ఖర్చు ఎవరిది? జవాబు లేనిచోట షామియానా లేవకూడదు. రక్తం తీయడానికి తెల్లవారకముందే వచ్చినవారు రిపోర్టు చదివి చెప్పడానికి మళ్లీ ఊరి మొహం చూడకపోవడం సిగ్గుచేటు. వారిని అడగవలసిన అధికారులు ఆ ఫ్లెక్సీల కింద నుంచే రోజూ ఆఫీసుకు వెళ్తూ తలెత్తి చూడకపోవడం అంతకంటే సిగ్గుచేటు.