మేడిగడ్డకు అవతలి గట్టు

కాళేశ్వరం దగ్గర గోదావరి వంతెన దాటితే మహారాష్ట్ర. బోర్డులు మరాఠీలోకి మారతాయి, మాట మాత్రం తెలుగే. గడ్చిరోలి జిల్లా దక్షిణ కొసన సిరోంచ తాలూకాలో చాలా ఇళ్లలో తెలుగు, బడిలో మరాఠీ, అడవి పల్లెల్లో గోండీ, మాడియా అనే ఆదివాసీ భాషలు. పొలం హక్కులు రాసివుండే సాత్‌బారా కాగితం మరాఠీలో ఉంటుంది. ఆ పొలం గట్టు తగాదా తీరేది తెలుగులో.

ఇవాళ రాష్ట్రం చివర పడివున్న సిరోంచ ఒకప్పుడు జిల్లా కేంద్రం. 1860లో నిజాం గోదావరి ఎడమ గట్టు తాలూకాలను ఇంగ్లీషువాళ్లకు వదులుకున్నాక ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది. భద్రాచలం కూడా అందులోదే. 1874లో భద్రాచలం మద్రాసు వైపు వెళ్లిపోతే సిరోంచ చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాలో ఒక తాలూకాగా మిగిలింది.

ఇంగ్లీషువాళ్ల కన్ను నది మీద పడింది. నాగపూర్, బేరార్ పత్తిని పడవల్లో సముద్రానికి చేర్చాలని దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి దగ్గర పడవలకు అడ్డొచ్చే రాతి అడ్డంకుల వద్ద పనులు మొదలుపెట్టి, 1871లో వదిలేశారు. పథకం పెట్టిందీ, ఎత్తేసిందీ ఊళ్లవాళ్లు కాదు.

కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో గోదావరి మీద కట్టిన మేడిగడ్డ బ్యారేజీ విషయంలోనూ అదే జరిగిందని నా అభిప్రాయం. 2016 ఆగస్టులో తెలంగాణ, మహారాష్ట్ర రెండూ సముద్రమట్టానికి 100 మీటర్ల ఎత్తున నీళ్లు నిలపడానికి ఒప్పుకున్నాయి. 2019లో బ్యారేజీ ప్రారంభమైంది: 85 గేట్లు, 16.17 టీఎంసీలు. ఒక కొస తెలంగాణలో, ఇంకో కొస సిరోంచ తాలూకా పోచంపల్లిలో. నీళ్లు ఎత్తిపోసుకున్నది ఇటు, బ్యాక్‌వాటర్‌కు పొలాలు మునిగింది అటు. చేతికొచ్చే పైరు పోయిన రైతులు పరిహారం కోసం సిరోంచలో దీక్షలకు కూర్చున్నారు.

2023 అక్టోబర్ 21న బ్యారేజీ ఏడో బ్లాకులో పియర్లు (గేట్ల మధ్య స్తంభాలు) కుంగాయి. తప్పు ఎవరిది, ఎన్ని కోట్లు పోయాయి అని అప్పటి నుంచి మనం వాదించుకుంటూనే ఉన్నాం. అడగాల్సిన ప్రశ్నలే. ఆ వాదనలో ఎడమ గట్టు ఊసే లేకపోవడం బాధ కలిగిస్తుంది. ముంబైకి వాళ్లు ఎక్కడో మూలనున్నవాళ్లు, హైదరాబాద్‌కు పరాయి రాష్ట్రంవాళ్లు. నష్టం చెప్పుకోవాలంటే ఏ గుమ్మం ఎక్కాలి?

సిరోంచ రాజ్యాంగం అయిదో షెడ్యూలు కిందికి వచ్చే ఆదివాసీ ప్రాంతం. అలాంటి ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 నాటి పెసా చట్టం ప్రకారం భూమి సేకరించే ముందు గ్రామసభతోనో, తగిన స్థాయి పంచాయతీతోనో సంప్రదించి తీరాలి. మేడిగడ్డను బాగుచేసి మళ్లీ నీళ్లు నిలపాలనుకుంటే, ఎంత ఎత్తున నిలపాలన్నది ముందుగా ఆ గ్రామసభల్లో తేలాలి. మునిగే సర్వే నంబర్ల జాబితాను మరాఠీతో పాటు తెలుగులోనూ ఊళ్లో అతికించాలి, గేట్లు ఎత్తే ముందు దండోరా వేయించాలి. జాబితాలో లేని పొలం మునిగితే డబ్బు ఏ రాష్ట్రం కడుతుందో, ఎన్నాళ్లలో కడుతుందో ఒప్పందంలోనే రాయాలి.